దుమారం పేరు ఎవరికి?

పత్రికలో ఒకే పేజీ. పైభాగాన నాలుగు కాలాల శీర్షిక, ‘నేత వ్యాఖ్యలపై రాజకీయ దుమారం’. కింది మూలన రెండు కాలాల శీర్షిక, ‘ఈదురుగాలుల బీభత్సం’. గద్వాల బస్టాండులో నాగర్‌కర్నూల్ పోయే బస్సు ఇంకా కదలనేలేదు. లెక్చరర్ సారు ఆ పేజీని మడిచి పక్కసీట్లోని శిష్యుడి ఒళ్లో పడేశాడు.

“ఈ రెండు హెడ్డింగులు తారుమారు పడ్డయి. మీ డెస్కుల ఎవరు చూసుకోలేదా?”

శిష్యుడంటే ఇప్పుడు పిల్లవాడేం కాదు, ఒక దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటరు. సారు గద్వాలలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. కృష్ణా తుంగభద్రల మధ్య ఉన్న నడిగడ్డ మాటల మీద ఆయనకు ప్రేమ ఎక్కువ, ఆ మాటల జోలికి వచ్చినవాళ్ల మీద కోపం అంతకంటే ఎక్కువ. ఇద్దరూ నాగర్‌కర్నూల్లో ఒక పెళ్లికి పోతున్నారు. ఎర్రవల్లి, పెబ్బేరు, వనపర్తి మీదుగా పోయే దారి. వాదం ఒకటి పెట్టుకోవడానికి సరిపోయేంత దూరం.

“తారుమారు కాలేదు సార్. రెండూ నేనే పెట్టాను.”

“నువ్వేనా! మొన్న సాయంత్రం గాలి లేస్తే మా గల్లీ మొత్తం ఏమన్నది? గాలిదుమారం లేసిందన్నది. ఈదురుగాలి అన్నోడు ఒక్కడు లేడు. ఆ పేరు తీస్కపోయి నాయకుల నోటికి కట్టినవ్. మా గాలికేమో ఎవరిదో పేరు తెచ్చి తగిలించినవ్.”

“ఎవరిదో ఎందుకవుతుంది సార్? వాతావరణ శాఖ బులెటిన్ల తెలుగు అదే. గంటకు 30 నుంచి 40, 40 నుంచి 50, 50 నుంచి 60 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు అని మెట్టు మెట్టుగా చెప్తారు. మూడు గంటల ముందు ఫోన్లకు వచ్చే హెచ్చరికలో కూడా అదే మాట. ఆ మాట వెనక కొలత ఉంది. దుమారం వెనక ఏముంది? అలవాటు.”

సారు దగ్గర దీనికి జవాబు సిద్ధంగా ఉంది. పాత నిఘంటువుల్లో ఈదర అన్నా, ఈదురుగాలి అన్నా మొదటి అర్థం చలిగాలి. వణికించే గాలి. “మే నెలల, నలభై రెండు డిగ్రీల ఎండల, పాలమూర్ల చలిగాలి ఎక్కడిది నాయనా? బులెటిన్ రాసేటాయన సముద్రం ఒడ్డున కూసోని రాస్తడు. నువ్వు నడిగడ్డల కూసోని దించుకుంటవు.”

సబ్ ఎడిటరు తడబడలేదు. పంట వార్తలు, పిడుగు వార్తలు రాసీ రాసీ అతనికి మేఘాల సంగతి కొంత పట్టుబడింది. ఎండాకాలం పొద్దంతా నేల కాలుతుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. అందులో తేమ ఉంటే మధ్యాహ్నం తర్వాత మొగులు గోపురంలా పెరుగుతుంది. ఆ మొగులులోంచి వాన కిందికి దిగుతూ దారిలోనే కొంత ఆవిరైపోతుంది. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగేసుకుంటుంది. అట్లా చల్లబడిన గాలి బరువెక్కి ఒక్కసారిగా కిందికి కూలుతుంది. నేలను తాకినాక పోవడానికి దారిలేక నాలుగు దిక్కులా పరుగెత్తుతుంది. వానకంటే ముందు ఊరికి చేరేది అదే.

“వాన చినుకు పడకముందు ముఖానికి తగిలే గాలి ఎట్లా ఉంటుంది సార్?”

“సల్లగ ఉంటది,” అని ఒప్పుకోక తప్పలేదు సారుకు.

“మరి నలభై రెండు డిగ్రీల ఎండలో చలిగాలి దొరికింది గదా!”

ఈ మాట సారుకు కోపం తెప్పించాలి. కానీ పాత నిఘంటువు అర్థమూ కొత్త బులెటిన్ అర్థమూ ఒకే మొగులు కింద కలుసుకోవడం ఆయనకు నచ్చింది. చలిగాలి అనే మాట ఉధృతమైన గాలికి ఎందుకు పేరైందో చెప్పే తర్కం అందులో ఉంది. చలికాలపు ఉత్తరపు గాలికీ, ఎండాకాలపు వానముందు గాలికీ ఉమ్మడిగా ఉన్నది ఆ చల్లదనమే. ఈదురుగాలి అనేవాడు ఒంటికి తగిలినదాన్ని బట్టి పేరు పెట్టాడు. దుమారం అనేవాడు కంటికి కనిపించినదాన్ని బట్టి పెట్టాడు.

బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతోంది. ఏటిలో నీళ్ల కంటే ఇసుక ఎక్కువ కనిపిస్తోంది.

“అయితే దుమారం పుట్టుక ఏందో చెప్పు. నేను చెప్తె నీకు నచ్చదు,” అన్నాడు సారు.

“అది మన మాట కాదేమో అని నా అనుమానం సార్. హిందీలో ధూమ్ అంటే సందడి, హడావుడి. ధూమ్‌ధామ్‌గా పెళ్లి చేశారంటాం. 2002లో కామారెడ్డిలో మొదలైన తెలంగాణ ధూంధాం సభల పేరు అక్కడి నుంచి వచ్చిందే. అది కాదంటే సంస్కృతం ధూమం ఉంది, పొగ. దూరం నుంచి చూస్తే దుమారం పొగలాగే ఉంటుంది. ఎట్లా చూసినా బయటి నుంచి వచ్చినట్టే.”

“ధూమంల ‘ధూ’ దీర్ఘం, పైన ఒత్తు. దుమారంల పొట్టి ‘దు’, ఒత్తు లేదు. ఒత్తు సంగతి వదిలెయ్, ఊరి నోట్ల ఒత్తులు పోతుంటయి. దీర్ఘం ఎందుకు పోవాలె? ఇంటి ముందర దుమ్ము పెట్టుకోని పొగ కోసం ఊరు దాటి పోతవా? దుమ్ము, దుమారం. రెండు మాటలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడు.”

“చూడ్డానికి దగ్గరున్న మాటలన్నీ చుట్టాలు కావని మీరే క్లాసులో చెప్పేవారు సార్.”

“చెప్పిన. అందుకే చూపు మీద ఆధారపడుతలేను, వాడుక మీద పడుతున్న. శ్రావణంల నేల నానిపోయి ఉంటది. అప్పుడు గట్టి గాలి వచ్చిందనుకో, మీ ఊర్ల దుమారం లేసిందంటరా?”

సబ్ ఎడిటరు ఒక నిమిషం ఆలోచించాడు. “అనరు. గాలివాన అంటారు.”

“ఆషాఢంల పడమటి నుంచి దినాల తరబడి గాలి తోలుతది. కరెంటు తీగెలు ఈలేస్తయి. పిల్లలు పతంగులు ఎగరేస్తరు. దాన్ని దుమారమంటరా?”

“లేదు. గాలి తోలుతాందంటారు.”

“చూసినవా! గాలి ఎంత పెద్దదన్న లెక్క ఇక్కడ లేదు. రెండు షరతులున్నయి. ఒకటి, దుమ్ము ఉండాలె. రెండు, ఉన్నట్టుండి లేవాలె. నేల తడిగ ఉంటె మొదటి షరతు పోయె. దినాల తరబడి తోలితె రెండోది పోయె. మాట పుట్టుకకు ఇంతకంటె సాక్ష్యమేం కావాలె?”

ఇది గట్టి వాదమే. క్రియలు కూడా సారు పక్షానే ఉన్నాయి. పాలమూరు వైపు జిల్లాల్లో వాన కొడుతుంది, ముసురు పడుతుంది, గాలి తోలుతుంది, దుమారం మాత్రం లేస్తుంది. లేచేది దుమ్మే. ‘గాలిదుమ్ము లేసింది’ అన్న వాడుక ‘గాలిదుమారం లేసింది’కి పక్కనే ఇప్పటికీ బతికి ఉంది. హిందీ ధూమ్ నుంచి వచ్చిన మాటైతే గాలీ దుమ్మూ లేనిచోట కూడా, పెళ్లిలోనో జాతరలోనో, పల్లెలో దుమారం వినిపించాలి. అట్లా వినిపించదు. సందడికి పాలమూరు వాళ్ల దగ్గర వేరే మాటలున్నాయి.

అయితే సారు గెలుపు ఎక్కువసేపు నిలవలేదు.

“సరే సార్, దుమ్ము నుంచే వచ్చిందనుకుందాం. నాయకులిద్దరు ఒకరినొకరు తిట్టుకున్నారు. దాన్ని అచ్చతెలుగులో ఏమంటాం?”

“దుమ్మెత్తి పోసుకున్నరంటం…” అని సారు ఆగిపోయాడు. ఎక్కడికి పోతున్నదో అర్థమైంది.

“అదే. దుమ్ము దులిపాడంటాం, దుమ్ము రేగిందంటాం, పాత గొడవను మళ్లీ రేపారంటాం. మా హెడ్డింగుల్లో దుమారానికి తోడుగా వచ్చే క్రియ ఏది? ‘దుమారం రేపిన వ్యాఖ్యలు.’ రేగేదీ రేపేదీ దుమ్మే. మీ షరతులు రెండూ ఆ హెడ్డింగుకు వర్తిస్తాయి. ఉన్నట్టుండి లేస్తుంది, కళ్లలో దుమ్ము కొడుతుంది. రెండో రోజుకు ఎవరికీ గుర్తుండదు. హిందీ నుంచి వచ్చి ఉంటే ఆ వాడుక అతకలేదని మీరు కొట్టిపారేయొచ్చు. దుమ్ము నుంచే వచ్చిందని మీరే రుజువు చేశారు కాబట్టి నా హెడ్డింగు మీ ఇంటి మాటే.”

ఈ పట్టు సబ్ ఎడిటరుదే అనాలి. పత్రికల దుమారం గాలి పేరును దొంగిలించి తెచ్చుకున్నది కాదు, తెలుగు నోట్లో ముందే ఉన్న దుమ్ము మాటల వరసలో సహజంగా మొలిచింది. సారు కూడా ఆ సంగతి గ్రహించాడు. ఆయన బాధ వేరే.

“వాడుకో. ఎవరొద్దన్నరు? కానీ ఇంట్ల పెద్దకొడుకును గెంటేసి వాని పేరు చిన్నకొడుక్కు పెట్టిండ్రు మీరు. గాలి వచ్చిన దినం గాలికి ఆ పేరు పెట్టుండ్రి. అదెందుకు పెట్టరు?”

“అయోమయం వస్తుందని. ‘వనపర్తిలో దుమారం’ అని పెడితే పాఠకుడు ఎమ్మెల్యే ఏమన్నాడో అని వెతుకుతాడు.”

నవ్వొచ్చే మాటే కానీ అందులో నిజముంది. ఒక మాటకు రెండో అర్థం బలిస్తే మొదటి అర్థం పత్రికలో చోటు కోల్పోతుంది. మాటలు మారడానికి భాషావేత్తలు చెప్పే పెద్ద కారణాల కంటే, రాత్రి పదకొండింటికి పేజీ వదలాల్సిన డెస్కు తొందర కొన్నిసార్లు ఎక్కువ పని చేస్తుంది.

పెబ్బేరు వచ్చింది. పశువుల సంతకు పేరున్న ఊరు. కిటికీలోంచి ఖాళీ మైదానం మీద సన్నటి సుడి ఒకటి చెత్తకాగితాలను తిప్పుకుంటూ పోవడం కనిపించింది.

“అదుగో, దుమారం,” అన్నాడు సబ్ ఎడిటరు సారును ఉడికించడానికి.

“కాదు. సుడిగాలి. మొగులు ఉందా పైన? లేదు. కాలిన నేల మీద వేడిగాలి మెలితిరిగి లేసింది. సల్లదనం ఉండదు, వాన రాదు. రెండు నిమిషాలకు అదే సచ్చిపోతది. దీన్ని దుమారమంటె మా ఊర్ల గొర్లకాపరి గూడ నవ్వుతడు.”

సుడి అన్న మాట మీద సారు చాలాసేపు నిలబడ్డాడు, పెబ్బేరు సంత పక్కన ఉండగా నిలబడక తప్పదు కూడా. ఏట్లో తిరిగే నీళ్లది సుడి. నెత్తిమీద వెంట్రుకలు తిరిగిన చోటూ సుడే. ఎద్దును కొనేటప్పుడు రైతు పళ్లు చూసినట్టే ఒంటిమీది సుడులు కూడా చూస్తాడు. ఫలానా చోట సుడి ఉంటే ఇంటికి కలిసొస్తుందని, ఇంకోచోట ఉంటే కీడని నమ్మకం. బేరం దాని మీద పెరుగుతుంది, తెగుతుంది. ‘వాడికి సుడి ఉంది’ అని పట్నం కుర్రాళ్లు అదృష్టానికి అనే మాటకు మూలం ఇట్లాంటి సుడులే అయి ఉంటాయని సారు నమ్మకం. ఈ వ్యాసకర్తకూ అది సబబుగానే తోస్తుంది.

సుడిగాలికి ఇంకో పేరు దయ్యపుగాలి. మొగులు లేని ఎండలో, కారణం కనపడకుండా లేచి తిరిగేదాన్ని చూసి దయ్యం అనుకోవడంలో వింత లేదు. భాగవతంలో పసివాడైన కృష్ణుణ్ణి ఎత్తుకుపోయిన తృణావర్తుడు వచ్చింది కూడా చక్రవాతం రూపంలోనే, గోకులమంతా దుమ్ము కమ్మేలా. ఆ చక్రవాతం మన సుడిగాలి. హిందీ బులెటిన్లలో మాత్రం చక్రవాత్ అంటే సముద్రంలో పుట్టే తుఫాను. ఒకే సంస్కృత మాట ఇక్కడ గల్లీ చివర తిరుగుతుంది, అక్కడ వందల కిలోమీటర్ల మేర పరుచుకుంటుంది.

“మరి ‘ముఖ్యమంత్రి సుడిగాలి పర్యటన’ అని రాస్తరు గదా, అదెట్ల? తిరిగిన చోటే తిరిగి, రెండు నిమిషాలకు మాయమైతడనా?”

సబ్ ఎడిటరు జవాబు చెప్పకుండా నవ్వాడు. ఇంగ్లిషు నుంచి ముక్కస్యముక్కగా దిగిన మాటని అతనికీ తెలుసు.

వనపర్తి వచ్చేదాకా తుఫాను మీద పడ్డారు. ఇక్కడ మాత్రం సబ్ ఎడిటరుకు ఊపు ఎక్కువ. ఎందుకంటే మాటలు ఊళ్లు దాటి అర్థాలు మార్చుకుంటాయని చెప్పడానికి తుఫానును మించిన సాక్షి దొరకదు. అరబ్బీలో తూఫాన్ అంటే ప్రధానంగా జలప్రళయం. ఖురాన్‌లో నూహ్ కాలపు ప్రళయానికి వాడిన మాట అదే. ఫార్సీ, ఉర్దూల దారిన మన దగ్గరికి వచ్చేసరికి గాలి కలిసింది. గ్రీకులో టైఫోన్ అనే రాక్షసుడున్నాడు, దక్షిణ చైనాలో తాయ్‌ఫుంగ్ అంటే పెద్దగాలి. నావికుల నోళ్లలో ఇవన్నీ ఒకదానితో ఒకటి రాసుకుని ఇంగ్లిషులో టైఫూన్ అయింది. సైక్లోన్ సంగతి ఇంకా దగ్గరిది. కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన, పాము చుట్ట అనే అర్థమున్న గ్రీకు మాట నుంచి దాన్ని తయారుచేసి 1848లో అచ్చయిన తన నావికుల పుస్తకంతో ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన అధ్యయనం చేసిన పాత తుఫానుల్లో మన కోరంగి రేవును 1789లో ముంచినది కూడా ఉంది.

“చూశారా సార్, ప్రళయం పోయి గాలైంది. ఎవరూ చావలేదు.”

“మా దగ్గర ప్రళయమే ఉంది ఇంకా,” అన్నాడు సారు. “మబ్బుపట్టి నాలుగు దినాలు వాన పడితె గాలి లేకున్నా మావోళ్లు తుఫాను పట్టిందంటరు. 2009 అక్టోబరు 2 నాడు తుంగభద్ర పొంగి కర్నూలు మునిగింది, అలంపురం మునిగింది. గాలి యాడుంది? అంతా నీళ్లే. అరబ్బీ అర్థం మీ పేపర్ల కంటె మా అలంపురపోళ్లకే బాగ తెలుసు.”

సబ్ ఎడిటరు ఇక్కడ అంకెలు తీశాడు. భారత వాతావరణ శాఖ లెక్కలో గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్లుంటే వాయుగుండం, 50 నుంచి 61 ఉంటే తీవ్ర వాయుగుండం, 62కు చేరితే తుఫాను. తుఫాను అయ్యాకే దానికి పేరు పెడతారు. ఉరుముల మొగులు కింద వచ్చే పెద్ద విసురుకు వేరే లెక్క ఉంది. గాలి వేగం ఉన్నట్టుండి కనీసం 29 కిలోమీటర్లు పెరగాలి, 40కి చేరాలి, ఒక్క నిమిషమైనా నిలబడాలి.

“అంటె మా దుమారం వాయుగుండం అంత వేగంతోనే రావొచ్చు?”

“వేగంలో రావొచ్చు సార్. కానీ వాయుగుండం గాలిని మూడు నిమిషాల సగటు తీసి చెప్తారు, అది వందల కిలోమీటర్ల మేర రోజుల తరబడి ఉంటుంది. దుమారం పది ఊర్ల మీద, అరగంట. అందుకే దానికి పేరు పెట్టరు.”

“పది ఊర్లోళ్లకు ఆ అరగంటే చాలు,” అన్నాడు సారు.

వనపర్తిలో ఎక్కిన మనిషి వీళ్ల ముందు సీట్లో కూర్చున్నాడు. కొల్లాపూర్ దగ్గర మామిడితోట గుత్తకు పట్టాడట. కొంతసేపు విని వెనక్కి తిరిగాడు.

“గాలికి పేరు వెడుతుండ్రా సార్లు? నాకైతె ఏ పేరైనా ఒకటే. కాయ కోతకొచ్చే యాళ్లకు గాలొస్తది, సగం కాయ కిందవడ్తది. కిందవడ్డ కాయ మార్కెట్ల అగ్గువకు పోతది. లెక్క రాసుకునేటోళ్లను పోయి అడిగితె ఒక్కటే మాట: రాళ్లు వడ్డయా? రాళ్లు వడ్డయంటె రాస్తరు. ఉత్త గాలంటె మొగం దిక్కు చూస్తరు.”

పేరు ఏదైతేనేం అన్న ఆ మనిషే, పేరు ఎక్కడ పనికొస్తుందో చూపించాడు. సబ్ ఎడిటరుకు ఆ నిబంధనలు తెలుసు. విపత్తు సాయానికి కేంద్ర హోంశాఖ 2022–26 కాలానికి ఇచ్చిన ప్రమాణాల్లో పన్నెండు విపత్తులున్నాయి. తుఫాను, కరువు, భూకంపం, అగ్నిప్రమాదం, వరద, సునామీ, వడగండ్ల వాన, కొండచరియలు విరిగిపడడం, మంచుచరియలు, కుంభవృష్టి, చీడల దాడి, చలిగాలులతో కూడిన మంచు. వాటి కింద పంట 33 శాతం, అంతకు మించి పోతే సాయం, తోటలకైతే హెక్టారుకు 22,500 రూపాయలు, రెండు హెక్టార్ల వరకే. పాలమూరులో ఎన్నడూ చూడని మంచుచరియలు అందులో ఉన్నాయి. ఏటా చూసే గాలి, దుమారమన్నా ఈదురుగాలన్నా, అందులో లేదు. వడగండ్లు కలిస్తే లెక్కలోకి వస్తుంది.

“రాష్ట్రాలు తమ నిధిలో పది శాతం దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు సార్. ఉత్తరప్రదేశ్ వాళ్లు ఆంధీ-తూఫాన్ అని జనం మాటతోనే చేర్చుకున్నారు. మన దగ్గర 2025 ఏప్రిల్లో వడదెబ్బను అట్లాగే రాష్ట్ర విపత్తుగా ప్రకటించారు.”

సారు వెంటనే పట్టుకున్నాడు. “ఆంధీ! మనిషిని అంధుణ్ణి చేసే దుమ్ముగాలి. అదే గదా దుమారం! వాళ్ల మాట వాళ్ల జీవోల ఉంది. మన మాట మీ రాజకీయ పేజీల ఉంది.”

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. గోపాల్‌పేట దాటాక సబ్ ఎడిటరే 2024 మే 26 సంగతి ఎత్తాడు. ఆ ఆదివారం సాయంత్రం నాగర్‌కర్నూల్ జిల్లా మీద గాలివాన విరుచుకుపడింది. తాడూరు మండలం ఇంద్రకల్‌లో కడుతున్న కోళ్లఫారం గోడ కూలి నలుగురు చనిపోయారు. సరిగ్గా అదే రాత్రి బంగాళాఖాతంలో ఒక తుఫాను బెంగాల్, బంగ్లాదేశ్ తీరం దాటింది. దాని పేరు రెమాల్. ఒమన్ దేశం పెట్టిన పేరది. అరబ్బీలో రెమాల్ అంటే ఇసుక.

“సముద్రం మీద పుట్టినదానికి ఇసుక అని పేరు. మన ఇసుకల లేసినదానికి పేరే లేదు,” అన్నాడు సారు. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

“ఆ రోజు కూడా మేం ఈదురుగాలులనే రాశాం సార్. రాసింది తప్పు కాదు. గాలి చల్లనిదే, వేగం లెక్కలోనిదే.”

“తప్పని నేనన్ననా? ఊరోడు చెప్పిన మాట యాడబోయిందని అడుగుతున్న. వాడు దుమారం లేసింది సార్, గోడ కూలింది సార్ అని ఫోన్ల చెప్తె, మీ పేపర్ల తెల్లారి ఈదురుగాలి అయితది. వాడు చదువుకోని అది వేరే ఊరి సంగతి అనుకుంటడు.”

సబ్ ఎడిటరు దీనికి దూరదేశపు ఉదాహరణ చెప్పాడు. 2011 జులై 5న అమెరికాలోని ఆరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరం మీదికి మైలు ఎత్తున దుమ్ముగోడ ఒకటి నడిచి వచ్చింది. పుట్టుక మన దుమారానిదే, ఉరుముల మొగులు కింది నుంచి పరుచుకున్న చల్లగాలి ఎడారి దుమ్మును లేపింది. అక్కడి వాతావరణ శాస్త్రవేత్తలు, పత్రికలు దాన్ని హబూబ్ అన్నారు. వీచడం అనే అర్థమున్న అరబ్బీ మాట, సూడాన్‌లో ఇట్లాంటి గాలులకు పేరు. ఆరిజోనా జనంలో కొందరు మండిపడి పత్రికలకు ఉత్తరాలు రాశారు. మా గాలికి అరబ్బీ పేరేందని.

“భలేగ రాసిండ్రు. ఎవరు గెలిచిండ్రు?”

“హబూబే గెలిచింది సార్. ఇప్పటికీ అక్కడి వాతావరణ వార్తల్లో వినిపిస్తుంది. పనికొచ్చే మాటైతే బయటిదైనా నిలుస్తుంది.”

“వాళ్ల దగ్గర దుమ్ము తుఫాను అనే రెండు మాటల అతుకు తప్ప ఒక్క మాట లేకుండె. అందుకే అరువు తెచ్చుకున్నరు. మన దగ్గర ఒక్క మాట ఉంది, అందరికి తెలిసిన మాట, పిల్లలు గూడ పలికే మాట. ఉన్నోడు అరువు తెచ్చుకుంటడా?”

దీనికి సబ్ ఎడిటరు వెంటనే జవాబివ్వలేదు. తెలంగాణ మాటలను పత్రిక భాషలోకి తెచ్చే ప్రయత్నాలు కొత్తవేం కావు. 1926లో గోలకొండ పత్రికను మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి ఈ నడిగడ్డ మనిషే. అయినా వాతావరణ వార్త దగ్గరికొచ్చేసరికి డెస్కులన్నీ బులెటిన్‌ను దించుకుంటాయి. అందులో సోమరితనమూ ఉంది, జాగ్రత్తా ఉంది. హెచ్చరిక ఇచ్చే మాట శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఒకేలా అర్థం కావాలన్నది తేలికగా తీసేయదగ్గ వాదం కాదు. పిడుగుల హెచ్చరిక ఇచ్చే దామిని యాప్ తెరిచే రైతుకూ, బులెటిన్ వినే జాలరికీ ఒకే మాట ఉండడంలో ప్రాణాల లెక్క ఉంది.

“ఒక పని చేద్దాం సార్,” అన్నాడు చివరికి. “రేపు రాబోయే గాలికి ఈదురుగాలి అని రాస్తాను, అది హెచ్చరిక. నిన్న వచ్చిపోయిన గాలికి గాలిదుమారం అని రాస్తాను, అది మన ఊరి వార్త. ‘గాలి’ ముందు చేరిస్తే ఎమ్మెల్యేతో అయోమయం కూడా ఉండదు.”

“మరి నాయకుల దుమారం?”

“అది మాత్రం వదలను.”

నాగర్‌కర్నూల్ బస్టాండులో ముగ్గురూ దిగారు. మామిడితోట మనిషి చాయ్ తాపించబోతే సారు తానే డబ్బులిచ్చాడు.

తీర్పు చెప్పమంటే ఈ వ్యాసకర్త ఇట్లా చెప్తాడు. పత్రికల దుమారానిది న్యాయమైన పుట్టుకే, దాని మీద సారు ఫిర్యాదు నిలవదు. కానీ గాలి వచ్చిన రోజు గాలికి ఆ పేరు దక్కకపోవడం మీద ఆయన ఫిర్యాదు నిలుస్తుంది. పైగా సుడిగాలి, గాలివాన, గాలిదుమారం, ఆషాఢ గాలి అని జనం నాలుగు పేర్లతో విడదీసి చూసినదాన్ని ఒక్క ఈదురుగాలిలో కలిపేస్తే సమాచారం తగ్గుతుంది. దుమ్ము ముందొచ్చిందా, మొగులుందా, తిరిగిందా, వాన వెంట వచ్చిందా అన్నవన్నీ ఆ పేర్లలోనే ఉన్నాయి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నుంచి పత్రికలకు వార్త పంపేవారికి, పంటనష్టం అర్జీ రాసేవారికి ఒక మనవి. గాలి లేచినప్పుడు మీ ఊరి మాటనే రాయండి. దాని పక్కన గాలి ఏ పొద్దుకు లేచింది, ఎంతసేపు ఉంది, వడగండ్లు పడ్డాయా, ఎన్ని చెట్లు, ఎన్ని రేకులు, ఎంత కాయ పోయింది అన్నవి తేదీతో సహా రాసి ఒక నకలు దగ్గర పెట్టుకోండి.